స్టోమా సంచి అమర్చడంలో నర్సులకు శిక్షణ కావాలి

పేగు ఆపరేషన్ తర్వాత పొట్ట మీద స్టోమాతో (మలం బయటికి రావడానికి పేగును పొట్ట మీదికి తెచ్చి చేసిన ద్వారంతో) ఉన్న రోగుల సంరక్షణపై విశాఖలో చాలామంది వార్డు నర్సులకు చేతితో చేయించి నేర్పే శిక్షణ అందడం లేదు. ఎక్కువ తప్పులు సంచిని చర్మానికి అంటించే ప్లేటు కత్తిరింపులోనే. రంధ్రం స్టోమా కంటే 2-3 మిల్లీమీటర్లే పెద్దదిగా ఉండాలి. వెడల్పుగా కోస్తే మలం చర్మానికి తగులుతుంది. అది చిన్నపేగు స్టోమా అయితే జీర్ణరసాల వల్ల చర్మం కొద్ది గంటల్లోనే ఎర్రబడి ఒరుసుకుపోతుంది. ఆపరేషన్ వాపు పూర్తిగా తగ్గడానికి 6-8 వారాలు పడుతుంది కనుక అప్పటిదాకా వారానికోసారి స్టోమాను కొలవాలి, డిశ్చార్జి నాటి కొలతనే పట్టుకుని కూర్చోకూడదు. చర్మానికి స్పిరిట్, డెట్టాల్ వద్దు; గోరువెచ్చని నీటితో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. మన సముద్రపు ఉక్కలో తడి చర్మం మీద ఏ జిగురు నిలుస్తుంది? సంచి మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి. స్టోమా నల్లబడితే మాత్రం వెంటనే సర్జన్‌ను పిలవాలి. టాటా మెమోరియల్ సెంటర్ క్యాన్సర్ ఆసుపత్రి మన విశాఖ అగనంపూడిలోనే ఉంది. దాని సహకారంతో నగరంలోని ప్రతి సర్జరీ వార్డు నుంచి కనీసం ఇద్దరు నర్సులకు వైద్యారోగ్య శాఖ శిక్షణ ఇప్పించాలి. రోగి గానీ ఇంటివారు గానీ నర్సు ఎదుట రెండుసార్లు సంచి మార్చి చూపాకే డిశ్చార్జి చేసే నిబంధన పెట్టాలి.

- ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం