ఘాట్ రోడ్డు కాదండీ, గట్టు రోడ్డే భయం

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీల్లో బైక్ ప్రయాణాల గురించి వచ్చేవన్నీ వదలకుండా చదువుతాను. ఎవరు రాసినా మారేడుమిల్లి ఘాట్ దగ్గరికొచ్చేసరికి జాగ్రత్తలు చెబుతారు, మన డెల్టాకొచ్చేసరికి మాత్రం కొబ్బరిచెట్లు, పచ్చటి చేలు, ఆత్రేయపురం పూతరేకులతో సరిపెట్టేస్తారు. మొన్న మార్గశిరంలో నా పాత స్ప్లెండర్ మీద ఒక్కడినే పాలకొల్లు నుంచి భద్రాచలం వెళ్లి, వేరే దారిలో తిరిగొచ్చాను. నాకు టెన్షన్ పుట్టించింది ఆ ఘాట్ కాదు, మా ఊరి చుట్టుపక్కల రోడ్లే.

నరసాపురంలో బండిని పంటు (మనుషుల్నీ బళ్లనూ దాటించే పడవ) ఎక్కించి గోదావరి పాయ వశిష్ఠ దాటాను. చించినాడ వంతెన ఉండగా పంటు ఎందుకంటారు మా ఇంట్లో. ఆ గాలి కోసమే. సఖినేటిపల్లిలో దిగి రాజోలు మీదుగా పి.గన్నవరం వెళ్తే అక్కడ కింద వైనతేయ పాయ, దాని మీదుగా వంతెనపై పారే పంట కాలువ. ఎన్నిసార్లు చూసినా బండి ఆపబుద్ధేస్తుంది. రావులపాలెం, కడియపులంక నర్సరీలు, రాజమండ్రి, అక్కడిదాకా అంతా మనకు తెలిసిన నేలే. గోకవరం వైపు వెళ్తుంటే మట్టి ఎర్రబడి జీడిమామిడి తోటలు మొదలవుతాయి, రంపచోడవరం దాటాక చలికి వేళ్లు కొంకర్లు పోయి క్లచ్ నొక్కడమే కష్టమైంది. మారేడుమిల్లి నుంచి చింతూరు దాకా అన్నీ మలుపులే. కానీ అక్కడ అందరికీ భయం ఉంటుంది కాబట్టి ప్రతి మలుపులో హారన్ కొడతారు, నెమ్మదిగా వస్తారు. చింతూరులో శబరి చూసుకుని చీకటి పడకముందే భద్రాచలం చేరాను.

తిరుగు ప్రయాణంలో అశ్వారావుపేట పామాయిల్ తోటలు, జంగారెడ్డిగూడెం పొగాకు బ్యారన్లు దాటి తాడేపల్లిగూడెం వచ్చేసరికి పొద్దుపోయింది. అసలు కథ అక్కడ మొదలైంది. రోడ్డు తిన్నగా, బల్లపరుపుగా ఉంటుంది కదా, ఎవరూ స్పీడు తగ్గించరు. సగం రోడ్డు మీద ధాన్యం, దానిపైన బరకం (టార్పాలిన్ పట్టా), బరకం ఎగరకుండా చుట్టూ పెద్ద పెద్ద రాళ్లు. ఎదురుగా లారీ లైట్లు కళ్లలో కొడుతుంటే ఆ నల్ల బరకం కనబడదు, రాళ్లు అసలే కనబడవు. పక్కకు తీద్దామంటే కాలువ. గట్టు మీద ఒక రాయి గానీ, మెరిసే స్టిక్కర్ అంటించిన కర్ర గానీ లేదు. దీనికి తోడు చేపల బళ్ల నుంచి కారే ఐసు నీళ్లు.

రైతులను తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు, మాదీ వ్యవసాయ కుటుంబమే. వెనక చేత్తో కోసి పనల మీద ఆరనిచ్చి, కుప్ప వేసి తీరిగ్గా నూర్చేవాళ్లం. ఇప్పుడు కోత మిషను దిగిందంటే పూటలో పచ్చి ధాన్యం చేతికొస్తుంది. కొనాలంటే తేమ 17 శాతం దాటకూడదు. చేలో తడి, గట్లు ఇరుకు, ఖాళీ జాగా అంతా చేపల చెరువులైపోయింది. ఇక రోడ్డు తప్ప రైతుకు దిక్కేముంది?

కాబట్టి అడిగేది రైతును కాదు. ఊరికో సిమెంటు కల్లం వేయించండి, అది వచ్చేలోపు కాలువ పక్క మలుపుల్లోనైనా రాళ్లు పాతి తెల్ల రంగు, రిఫ్లెక్టర్లు పెట్టించండి. మా దగ్గర సంబంధిత ఆఫీసులో అడిగితే ఆ రోడ్డు మాది కాదన్నారు, వాళ్లు చూపించిన ఆఫీసులో గట్టు మాది కాదన్నారు. మీ జిల్లా విలేకరిని ఒక్క రాత్రి ఏడు దాటాక బైక్ మీద ఈ రోడ్లలో తిరిగి రమ్మనండి. కోతలు అయిపోయాక కాదు, దాళ్వా (రెండో పంట) ధాన్యం రోడ్డెక్కినప్పుడే పంపండి.

— ఒక పాఠకుడు, పాలకొల్లు