లిబర్టీకి సెలవు రోజున లిబర్టీ యాత్ర

ఎడిసన్, న్యూజెర్సీ
5 డిసెంబరు 2025

పర్యటనల సంస్థ నిర్వాహకులకు,

విషయం: నవంబరు 27న థాంక్స్‌గివింగ్ రోజు జరిపిన న్యూయార్క్ పర్యటన, 270 డాలర్లు తిరిగి చెల్లించడం గురించి

అయ్యా,

మీరు తెలుగులో ప్రకటన ఇచ్చి పిలిచారు కనుక తెలుగులోనే రాస్తున్నాను. మా అమ్మాయికి ఆ రోజు ఆసుపత్రిలో డ్యూటీ. అందుకని నాకు, నా భార్యకు, ఎనిమిదేళ్ల మనవడికి మనిషికి 149 డాలర్ల చొప్పున 447 డాలర్లు కట్టి మీ బస్సు ఎక్కించింది. మీ రసీదులో బస్సుకు 59, థాంక్స్‌గివింగ్ పండుగకు మేసీస్ దుకాణం వాళ్లు జరిపే పరేడ్ (పెద్ద పెద్ద గాలిబొమ్మల ఊరేగింపు) చూసేందుకు 'ప్రత్యేక స్థానం' పేరిట 50, లిబర్టీ విగ్రహానికి 40 అని విడివిడిగా ఉంది.

నేను ఆర్టీసీలో ట్రాఫిక్ విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. బస్సు ఆలస్యమైతే ప్రయాణికుడికి ఏం చెబుతారో నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఒకప్పుడు చెప్పినవాణ్ణి నేనే. ఉదయం అయిదున్నరకు రావాల్సిన మీ బస్సు ఏడూ పదికి వచ్చింది. ఆ సంగతి వదిలేస్తున్నాను. కానీ పరేడ్ ఎనిమిదిన్నరకే 77వ వీధి దగ్గర మొదలవుతుంది. ఆ దారి పొడవునా వీధులు మూసేస్తారు, జనం ఆరింటి నుంచే వచ్చి నిలబడతారు. 1924లో మొదలైన ఉత్సవం ఇది, దాని పద్ధతి ఎవరికీ కొత్త కాదు. మీరు మమ్మల్ని పదో అవెన్యూలో దించి, ఆరో అవెన్యూ దాకా నడవమన్నారు. మోకాళ్ల నొప్పులున్న నా భార్య అక్కడికి చేరేసరికి పది కావస్తోంది.

'ప్రత్యేక స్థానం' అంటే పదిహేను వరుసల జనం వెనక ఒక చెత్తడబ్బా పక్కన నిలబడడం. గాలిబొమ్మలు ఆకాశంలో తేలుతాయి కనుక వాటి తలలు కనబడ్డాయి. తాళ్లు పట్టుకుని నడిపించే మనుషులు గానీ, బ్యాండు వాయించేవాళ్లు గానీ కనబడలేదు. నా మెడ మీద కూర్చున్న మనవడు చూసి చెబుతుంటే మేం విన్నాం, రేడియో వ్యాఖ్యానం లాగా. పరేడ్ దారిలో వేసిన స్టాండ్లలో సీట్లు సామాన్యులకు అమ్మరని తరవాత తెలిసింది. మరి మా 150 డాలర్లు ఏ స్థానానికి? ముందురోజు మధ్యాహ్నం సహజ చరిత్ర మ్యూజియం పక్కన ఆ బొమ్మలకు గాలి నింపుతారనీ, ఎవరైనా పైసా ఖర్చు లేకుండా వెళ్లి దగ్గరగా చూడవచ్చనీ మా పక్కింటావిడ చెప్పింది. మీరు చెప్పలేదు.

అసలు కోపం దీని గురించి కాదు. మధ్యాహ్నం బ్యాటరీ పార్కుకు తీసుకువెళ్లారు. అక్కడ లిబర్టీ ద్వీపానికి వెళ్లే పడవలు లేవు. ఆ విగ్రహానికి థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ రెండూ సెలవు రోజులు. ఏటా ఉండే సెలవే, హఠాత్తుగా వచ్చింది కాదు. మీ గైడు మాత్రం 'ఈ రోజు ఏదో సమస్య వచ్చినట్టుంది' అన్నాడు. తరవాత మమ్మల్ని స్టాటెన్ ఐలండ్ ఫెర్రీ ఎక్కించి, దూరంగా వేలెడంత కనబడుతున్న విగ్రహాన్ని చూపించి, 'చూశారుగా' అన్నాడు. ఆ నారింజ రంగు ఫెర్రీ అందరికీ ఉచితం. దానికి మీరు మా ముగ్గురి దగ్గర 120 డాలర్లు తీసుకున్నారు.

సాయంత్రం రాక్‌ఫెల్లర్ సెంటర్ దగ్గర క్రిస్మస్ 'దీపాల చెట్టు' అన్నారు. చెట్టు ఉంది, దీపాలు లేవు. అవి డిసెంబరు 3న వెలిగాయి. మావాడు ఇంట్లో టీవీలో చూసి, 'తాతయ్యా, ఇదేనా మనం చూసింది?' అని అడిగాడు.

ఫోను చేస్తే మీ ఉద్యోగి, 'పండుగ రద్దీ మా చేతుల్లో ఉండదు కదండీ' అన్నాడు. నిజమే, ఉండదు. 2016 కృష్ణా పుష్కరాలకు విజయవాడలో డ్యూటీ చేసిన నాకు అది ఒకరు చెప్పనక్కరలేదు. కానీ అప్పుడు బస్సు ఎక్కడ ఆగుతుందో, ఘాట్‌కు ఎంత దూరం నడవాలో మనిషి బస్సు ఎక్కకముందే చెప్పేవాళ్లం. రద్దీ మీ చేతుల్లో లేకపోయినా క్యాలెండరు గోడకు వేలాడుతూనే ఉంటుంది.

బస్సు డబ్బులు అడగడం లేదు. తీసుకువెళ్లారు, తిరిగి తెచ్చారు. పరేడ్ స్థానానికి 150, లిబర్టీకి 120, వెరసి 270 డాలర్లు ఈ నెల 20 లోపు మా అమ్మాయి కార్డుకు తిరిగి జమచేయండి. రసీదు, గేటు దగ్గర ఉన్న మూసివేత బోర్డు ఫోటో జతపరుస్తున్నాను. జమ కాకపోతే బ్యాంకు ద్వారా ఆ మొత్తంపై అభ్యంతరం నమోదు చేయిస్తాం.

ఇంకొకటి. నిన్న మీ కొత్త ప్రకటన చూశాను. డిసెంబరు 25 పర్యటనలోనూ లిబర్టీ విగ్రహం ఉంది. ఆ రోజుకు ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లకు ఈ వారంలోనే ఫోను చేసి చెప్పండి.

ఇట్లు
ఆర్టీసీ విశ్రాంత ఉద్యోగి