ఆ మంచుగడ్డ ఎవరి పరిధి?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం కాదు, ఆ ముందు ఆదివారం మీ సినిమా పేజీలో వచ్చిన ఆర్కిటిక్ హత్యల సినిమా సమీక్ష గురించి ఈ ఉత్తరం. ఇంత ఆలస్యంగా రాయడానికి కారణం ఉంది, చెబుతాను.

ముందుగా మా తప్పు ఒప్పుకుంటాను. సమీక్ష చదివి మరీ సినిమాకు వెళ్ళాం. హంతకుడెవరో మూడో పేరాలోనే చెప్పేసి, చివర్లో ‘సస్పెన్స్ కొరవడింది’ అని తేల్చారు మీ సమీక్షకుడు. కొరవడక ఏం చేస్తుంది మరి? ఆ పాత్ర తెర మీదికి వచ్చినప్పుడల్లా నేనూ, మా ఆవిడా ఒకరి మొహం ఒకరు చూసుకోవడమే. మనవడైతే ‘తాతా, వీడేగా?’ అని గట్టిగానే అడిగాడు. ముందు వరసలో కూర్చున్నతను వెనక్కి తిరిగి మమ్మల్ని చూసిన చూపు ఇంకా గుర్తుంది. అతను మీ పేపరు చదవడనుకుంటాను, అదృష్టవంతుడు.

ఇక ఆ పేజీలో వేసిన బొమ్మ. ఉత్తర ధ్రువం దగ్గర కథ, పక్కనే బారులు తీరిన పెంగ్విన్లు! పెంగ్విన్లుండేది అంటార్కిటికా వైపు, భూగోళానికి ఆ చివర. ఆర్కిటిక్‌లో ఉండేవి తెల్ల ఎలుగుబంట్లు. ఇది ఐదో తరగతి పాఠం. ఒకప్పుడు పేపర్లో దీర్ఘం తప్పుపడినా మర్నాడు సవరణ వేసేవారు. ఇప్పుడు జంతువే మారిపోయినా పట్టించుకునే నాథుడు లేడు.

‘సినిమా అంతా చీకటిమయం, ఛాయాగ్రాహకుడు లైట్లు మరిచిపోయినట్టున్నాడు’ అని ఇంకో చెణుకు. కథ జరిగేది డిసెంబర్‌లో అని మొదట్లోనే తెర మీద వేశారు. నార్వే వాళ్ళ స్వాల్‌బార్డ్ దీవుల్లో ఉన్న లాంగ్‌యర్‌బ్యెన్ ఊళ్ళో అక్టోబర్ చివర మునిగిన సూర్యుడు మళ్ళీ దిగంతం పైకి వచ్చేది ఫిబ్రవరి మధ్యలోనే. అక్కడ మధ్యాహ్నం పన్నెండుకు కూడా చీకటే. దానికి ఛాయాగ్రాహకుణ్ణి తిడితే ఎలా?

శవం దొరికాక డాక్టరు చనిపోయిన సమయం చెప్పలేకపోవడం ‘హాస్యాస్పదం’ అన్నారు. ఇక్కడ మాత్రం నేను ఊరుకోలేను. 31 ఏళ్ళు నాంపల్లి కోర్టుల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. పోస్టుమార్టం రిపోర్టులు ఎన్ని ఫైళ్ళలో కుట్టానో లెక్కలేదు. మన ఊళ్ళో, మన ఎండలో దొరికిన శవానికే ‘18 నుంచి 24 గంటల మధ్య’ అని రాస్తారు. ఆ ఆరు గంటల తేడా మీద వకీళ్ళు ఆరు వాయిదాలు వాదించుకోవడం చూశాను. అలాంటిది గడ్డకట్టిన శరీరం కుళ్ళదు కదా, డాక్టరు దేన్ని పట్టుకుని చెప్పాలి? అసలు పోయాడో లేదో కూడా అక్కడ తొందరపడి చెప్పరు. 1999లో నార్వేలో ఒక వైద్యురాలు మంచు కింద నీళ్ళలో ఇరుక్కుపోయి, ఒంటి వేడి 13.7 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయి, గుండె ఆగిపోయి కూడా బతికి బయటపడింది. సినిమాలో ఆ ముసలి డాక్టరు ‘ముందు వెచ్చబెట్టండి’ అని అరిచింది అందుకే. మీ సమీక్షకుడు ఆ టైంలో పాప్‌కార్న్‌కు వెళ్ళుంటారు.

ఇవన్నీ సరే అనుకుందాం. నన్ను కలం పట్టించిన వాక్యం వేరే ఉంది. తేలుతున్న మంచు మీద హత్య జరిగితే, ఏ దేశం విచారించాలో తేలక నలుగురు అధికారులు ఫోన్లలో వాదించుకునే ఘట్టాన్ని పట్టుకుని, ‘ఈ కాలంలో ఇలా జరుగుతుందంటే నమ్మశక్యంగా లేదు’ అన్నారు.

అయ్యా, జరిగింది. టీ-3 అని ఒక మంచు దీవి ఉండేది. దీవి అంటే నేల కాదు, ఆర్కిటిక్ సముద్రంలో తేలుతూ కదిలే పెద్ద గడ్డ. దాని మీద అమెరికా వాళ్ళు పరిశోధన కేంద్రం పెట్టుకున్నారు. 1970 జులైలో అక్కడున్నది 19 మంది. గొడవ దేనికంటే, అక్కడే ఊరబెట్టుకున్న కిస్మిస్ వైన్ కోసం! ఎస్కమిల్లా అనే అతని చేతిలో తుపాకీ పేలి, కేంద్రం పెద్ద లైట్సీ చచ్చిపోయాడు. ఠాణా లేదు, పోలీసు లేడు, ఆ గడ్డ ఏ దేశానిదీ కాదు. అప్పటికి అది కెనడా వైపు తేలుతోంది, కెనడా ‘మీరే విచారించుకోండి’ అంది. నిందితుణ్ణి తెచ్చిన విమానం అమెరికాలో దిగింది వర్జీనియాలో కాబట్టి కేసు అక్కడ నడిచింది. శిక్ష పడింది. 1972లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. మంచు మీది పరిస్థితుల్ని బట్టి తప్పొప్పులు చూడమని జ్యూరీకి చెప్పలేదన్నది అందులో ఒక కారణం. అసలు ఆ కేసు తమ పరిధిలోకి వస్తుందా అన్న ప్రశ్న మీద ఆరుగురు జడ్జీలు ముగ్గురూ ముగ్గురుగా చీలిపోయారు. అంటే అది తేలనే లేదు. మళ్ళీ విచారణ జరిగి అతను నిర్దోషిగా బయటికొచ్చాడు. సర్వీసులో ఉండగా ఈ కేసు చదివి, ఆ రాత్రి నిద్రపోలేదంటే నమ్మండి.

మనకేం సంబంధం అంటారేమో. 2008 నుంచి మన దేశానికీ స్వాల్‌బార్డ్‌లో హిమాద్రి పరిశోధన కేంద్రం ఉంది. అది 1920 నాటి ఒప్పందం ప్రకారం నార్వే గడ్డ కాబట్టి అక్కడ చిక్కులేదు. అక్కణ్ణుంచి మనవాడొకడు తేలే మంచు మీదికి వెళ్ళి నేరం చేస్తే? మన చట్టంలో దానికీ దారి ఉంది. పాత సీఆర్‌పీసీలో, అంటే నేర విచారణ పద్ధతి చట్టంలో, అది 188వ సెక్షన్, ఇప్పటి చట్టంలో 208వది. విదేశంలో నేరం చేసిన మన పౌరుణ్ణి ఇక్కడే విచారించవచ్చు, కేంద్రం అనుమతి ఉండాలి, అంతే. చట్టంలో దారి లేకపోవడం ఎప్పుడూ సమస్య కాదు సార్, ఆ దారిన నడిచేవాళ్ళు కావాలి.

ఇక ఆలస్యానికి కారణం. సినిమా అయ్యాక బయటికొచ్చి, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ అవతల ఒక పెద్ద రోడ్డు పక్కన ఆటో కోసం నిలబడ్డాం. హాల్లో ఏసీ చలికి మా ఆవిడ షాల్ ఇంకా తీయలేదు. బైక్ మీద ఇద్దరొచ్చి నా చేతిలో ఫోన్ లాక్కుపోయారు. దగ్గర్లోని స్టేషన్‌కు వెళితే అక్కడి కానిస్టేబుల్ మొదటి ప్రశ్న, ‘పెద్దసారూ, డివైడర్‌కు ఇవతలనా, అవతలనా?’ అవతల అన్నాను. ‘అయితే మా లిమిట్స్‌ల లేదు సార్, అటు పోండ్రి.’ అటు పోయాం. అక్కడ ఇంకా లోతుగా విచారించారు. ‘మీరు నిలబడ్డది మా దాంట్లనే. కానీ బండి ఎటు పోయింది?’ యూటర్న్ కొట్టి ఇవతలికే వచ్చింది అన్నాను. ‘చూశిన్రా మరి!’ అన్నాడాయన, నేనే నేరం ఒప్పుకున్నట్టు.

సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ ఉంది. నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఆ మాట నోట్లోంచి రాగానే ‘సార్ వకీలా?’ అని కుర్చీ వేశారు. టీ కూడా తెప్పించారు. ఎఫ్‌ఐఆర్ మాత్రం కట్టలేదు. నాలుగు రోజులు తిరిగాక మూడో చోట తీసుకున్నారు. మా గల్లీలో మూత లేని మ్యాన్‌హోల్ కథా ఇంతే. మూత ఒక శాఖది, రోడ్డు ఇంకో శాఖది, అందులో పడినవాడు మాత్రం ఎవరి వాడూ కాదు.

కాబట్టి, పరిధి కోసం అధికారులు కొట్టుకోవడం నమ్మశక్యంగా లేదన్న మీ సమీక్షకుణ్ణి ఒక్కసారి ఫోన్ పోగొట్టుకోమనండి. డివైడర్ దగ్గర నిలబడి పోగొట్టుకుంటే ఇంకా మంచిది. ఆ తర్వాత సినిమా మళ్ళీ చూసి, సమీక్ష మళ్ళీ రాయమనండి. ఈసారి హంతకుడి పేరు లేకుండా.

పెంగ్విన్ల బొమ్మకు సవరణ మాత్రం ఈ ఆదివారమే వేయాలి. మా మనవడు దాన్ని కత్తిరించి స్కూలు ప్రాజెక్టు పుస్తకంలో ‘ఆర్కిటిక్ జంతువులు’ అన్న శీర్షిక కింద అంటించేశాడు. తప్పని నేను చెబితే, ‘పేపర్లో వచ్చింది కదా తాతా’ అంటున్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి,
నల్లకుంట, హైదరాబాద్