మంత్రి గారూ, మా పాప చేతి మీద ఉండే ఆ తెల్ల బిళ్ల గురించి

తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. మాది మల్కాజిగిరి. మా ఆయన క్యాబ్ నడుపుతాడు, ఎక్కువగా రాత్రిపూట ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులు. నేను ఒక ఆడిటర్ గారి ఆఫీసులో బిల్లులు ఎంట్రీ చేస్తాను. మాకు ఒక్కతే బిడ్డ, ఆరో తరగతి. రెండేళ్ల కింద టైప్ వన్ షుగర్ అని తేలింది. అప్పటికి నెల రోజులుగా పిల్ల చెంబులు చెంబులు నీళ్లు తాగుతోంది, తొమ్మిదేళ్లొచ్చి పక్క తడుపుతోంది, గౌన్లన్నీ వదులైపోయాయి, మా అత్తమ్మ దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది, నేనేమో ఎండాకాలం కదా అనుకున్నాను. వాంతులు మొదలై ఎగశ్వాస తీస్తుంటే ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాం, ఐదు రోజులు ఐసీయూలో ఉంది. స్వీట్లు ఎక్కువ పెట్టారా అని ఇప్పటికీ అడుగుతారు చుట్టాలు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేస్తే వచ్చే జబ్బు ఇది, స్వీట్లకూ దీనికీ సంబంధం లేదని చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది.

ఆ కథ కోసం కాదు ఈ ఉత్తరం. మా బిడ్డ ఎడమ జబ్బ వెనక పది రూపాయల నాణెం కంటే కాస్త పెద్ద తెల్ల బిళ్ల ఒకటి అతికించి ఉంటుంది. సిటీ బస్సులో, పెళ్లిళ్లలో ఎవరో ఒకరు అదేంటమ్మా అని అడుగుతూనే ఉంటారు. సీజీఎం అంటారు దాన్ని, కంటిన్యువస్ గ్లూకోజ్ మానిటర్. దాని అడుగున వెంట్రుక లాంటి సన్నటి తీగ చర్మం కిందికి దిగి ఉంటుంది, నిమిషానికోసారో ఐదు నిమిషాలకోసారో చక్కెర ఎంతుందో కొలుస్తుంది. అది కొలిచేది రక్తంలో కాదు, కణాల మధ్య ఉండే నీటిలో. అందుకే వేలు గుచ్చి చూసిన లెక్కకు ఇది 5 నుంచి 15 నిమిషాలు వెనక నడుస్తుంది. ఈ ఒక్క ముక్క కూడా మేం కొన్న రోజు మాకు ఎవరూ చెప్పలేదు సార్.

అసలు మొదటి సెన్సర్ మేం ఎలా కొన్నామో చెబుతాను. డాక్టరు గారు సెన్సర్ పెట్టించండి, పాపకు మంచిది అన్నారు. ఏది సార్ అంటే మీ బడ్జెట్‌ను బట్టి చూసుకోండి అన్నారు, బయట ఇంకా నలభై మంది కూర్చుని ఉన్నారు, ఆయన్ని మాత్రం ఏమనగలం. ఆ సాయంత్రమే ఒక కంపెనీ తరఫు అబ్బాయి ఫోన్ చేసి ఎంతో మర్యాదగా ఇరవై నిమిషాలు మాట్లాడాడు, తమది తప్ప ఇంకో సెన్సర్ ఈ భూమ్మీద ఉన్నట్టే తెలియనివ్వలేదు. డల్లాస్‌లో ఉండే మా మరిది, వదినా నేను వచ్చేటప్పుడు సూట్‌కేసులో పది తెస్తాలే అన్నాడు. అక్కడి సెన్సర్ ఇక్కడి యాప్‌తో కలవకపోవచ్చని తర్వాత తెలిసి, పోనీలే తేకపోవడమే మంచిదైంది అనుకున్నాం. వాట్సాప్ గ్రూపులో ఒకరు లిబ్రే అన్నారు, ఒకరు డెక్స్‌కామ్ అన్నారు, రెండూ సెన్సర్ల బ్రాండ్లే, ఒకరు ఇవేవీ వద్దు నేల ఉసిరి రసం తాగించండి అన్నారు.

చివరికి అందరికంటే తక్కువ ధర చెప్పిన షాపులో ఒకటి కొని, ఇంటికొచ్చి పాపకు పెట్టి, మా ఆయన ఫోను దగ్గర పెడితే ఉలుకూ లేదు పలుకూ లేదు. పదివేల లోపు ఫోను అది, అందులో ఎన్ఎఫ్‌సీ లేదట. ఏటీఎం కార్డును తాకిస్తే డబ్బు కట్టించుకునే టెక్నాలజీ ఉంటుందే అదే, ఆ రకం సెన్సర్‌ను స్టార్ట్ చేయడానికి అది కావాలి. షాపులో ఎవరూ మీ ఫోను ఏది అని అడగలేదు, మేమూ అడగాలని తెలియని వాళ్లం. రాత్రి తొమ్మిదింటికి పక్క ఫ్లాటు ఇంజనీరింగ్ కుర్రాడిని పిలిచి అతని ఫోనుతో స్టార్ట్ చేశాం. ఏ ఫోనుతో స్టార్ట్ చేస్తే ఆ ఫోనే రీడింగ్ చూపిస్తుందని అప్పుడు తెలిసింది! ఇంకేముంది, 14 రోజులు మా పాప షుగర్ ఎంతుందో పక్కింటి కుర్రాడి ఫోనులో ఉంది. అతను కాలేజీకి పోతే మాకు ఏమీ తెలియదు, ఆ సెన్సర్ 8 గంటల లెక్కే గుర్తుపెట్టుకుంటుంది, అంతకు ముందుది చెరిగిపోతుంది. పాపం మంచి పిల్లాడు, రాత్రి పన్నెండింటికి తలుపు కొట్టినా విసుక్కోకుండా కళ్లు నలుపుకుంటూ వచ్చి స్కాన్ చేసి పోయేవాడు.

నవ్వొస్తుంది ఇప్పుడు. అప్పుడు మాత్రం ఐదు వేలు సార్, మా ఆయన మూడు రాత్రుల సంపాదన.

తర్వాత ఎన్ఎఫ్‌సీ ఉన్న ఫోను ఈఎంఐలో తీసుకున్నాం. అప్పుడు బయటపడింది రెండో సంగతి. మేం కొన్న రకం స్కాన్ చేస్తేనే చెబుతుంది, తనంతట తాను మోగదు. టైప్ వన్ పిల్లలకు అసలు భయం రాత్రిది. షుగర్ 70 కంటే కిందికి పడితే ‘లో’ అంటారు, 54 కంటే కిందికి పోతే మరీ ప్రమాదం, నిద్రలో ఉన్న పిల్ల అమ్మా ఒళ్లు వణుకుతోంది అని చెప్పలేదు కదా. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏవన్‌సీ పరీక్షలో మా పాపకు మంచి నంబరే వచ్చేది, అందరూ శభాష్ అన్నారు. ఆ మంచి నంబరులో సగం రాత్రి రెండు గంటల వేళ పడిపోతున్న షుగర్ తెచ్చిందేనని సెన్సర్ గీత చూశాకే అర్థమైంది. అలాంటి పిల్లకు మోగని సెన్సర్ కొన్నాం మేం. కంపెనీల వాళ్లు ఎంఏఆర్‌డీ అని ఒక లెక్క చెబుతారు, ల్యాబు లెక్కకూ సెన్సర్ లెక్కకూ సగటున ఎంత శాతం తేడా అని, అది తక్కువుంటే మంచిదే, కాదనను. కానీ 9కీ 11కీ ఉన్న తేడా కంటే రాత్రి రెండింటికి మోగుతుందా లేదా అన్నదే నాకు పెద్ద ప్రశ్న. మొదటిసారి కొనేవాళ్లు ఎవరైనా నన్ను అడిగితే ముందు అలారం, తర్వాత మీ ఫోను, ఆ తర్వాతే మిగతావన్నీ అని చెబుతాను.

మిగతావీ చిన్నవేం కావు. లిబ్రే రకాన్ని బట్టి 14 లేదా 15 రోజులు వస్తుంది, డెక్స్‌కామ్ జీ7 పది రోజులు, మెడ్‌ట్రానిక్ గార్డియన్ 7 రోజులు, కాబట్టి ఒక్క సెన్సర్ ధర కాదు, నెలకు ఎంత అని లెక్కవేసుకోవాలి. కొన్నిటికి రోజూ వేలు గుచ్చి లెక్క సరిచేయాలి, కొన్నిటికి అక్కర్లేదు. జ్వరానికి వేసే పారాసిటమాల్ గార్డియన్ సెన్సర్లను తికమక పెడుతుంది, విటమిన్ సి ఎక్కువ డోసులో వేసుకుంటే లిబ్రే తికమక పడుతుంది, రెండు చోట్లా ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువుంది కదా అని తల్లి ఇన్సులిన్ ఎక్కువ వేస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇక మన మే నెల చెమటకు ఏ జిగురైనా ఊడొస్తుంది, పైన ఇంకో టేపు వేయాల్సిందే.

అలారం ఉన్న సెన్సర్ పెట్టిన మొదటి వారం ఇంకో పాఠం నేర్పింది. అర్ధరాత్రి మోగింది, 58. లేపి గ్లూకోజ్ తాగించాను, గంటకు మళ్లీ మోగింది, మళ్లీ తాగించాను. పొద్దున్నే చూస్తే 290. జరిగింది ఏంటంటే పాప ఆ చేతి మీదే ఒత్తిగిలి పడుకుంది, సెన్సర్ నలిగితే తప్పుడు లో చూపిస్తుంది. వేలు గుచ్చి ఒకసారి చూసుకుని ఉంటే తెలిసేది. వేల రూపాయల సెన్సర్ పెట్టాక ఇంకా స్ట్రిప్ ఎందుకని మూలన పెట్టేశాను మరి. ఇంత చిన్న విషయం చెప్పే మనిషి ఒక్కరు లేక ఆ రాత్రి నా బిడ్డకు అక్కర్లేని చక్కెర నేనే పోశాను.

ఇన్ని కష్టాలు చెప్పి సెన్సర్ దండగ అంటున్నానని అనుకోకండి సార్. సర్వపిండి తిన్న రోజు షుగర్ మెల్లగా ఎక్కి నాలుగు గంటలు అక్కడే కూర్చుంటుందనీ, ఇడ్లీ తింటే అరగంటలో రాకెట్‌లా పోతుందనీ, బోనాలప్పుడు డప్పుల దగ్గర గంటసేపు ఎగిరితే ఇన్సులిన్ తగ్గించుకోవాలనీ మాకు నేర్పింది అదే. 70 నుంచి 180 మధ్య రోజులో 70 శాతం సమయం, అంటే సుమారు 17 గంటలు ఉండాలని పెద్ద డాక్టర్లు పెట్టుకున్న లక్ష్యం. మా పాప 10 గంటల నుంచి 16 గంటలకు వచ్చింది, ఒక్క ఏడాదిలో.

ఇప్పుడు మీ శాఖ సంగతికి వస్తాను. ఒక్కో సెన్సర్ మాకు ఐదు వేలకు అటూ ఇటూ పడుతోంది, ఏడాదికి 26 కావాలి, అంటే 1,30,000. ఇన్సులిన్, సూదులు, స్ట్రిప్పులు దీనికి అదనం. ఏడాదంతా పెట్టలేక మేం నెల విడిచి నెల పెడుతున్నాం, పెట్టని నెల ఫోనులో మూడింటికి అలారం పెట్టుకుని లేచి వేలు గుచ్చుతాను. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు, చాలా మంచి పని, నిజంగానే అంటున్నాను. కానీ ఆ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యం కోసం కట్టింది. టైప్ వన్ పిల్లలది ఆసుపత్రి బెడ్ మీద జరిగే వైద్యం కాదు, వంటింట్లో, బడిలో, రాత్రి పక్క మీద జరిగేది. కేరళలో మిఠాయి అనే పథకం ఉంది, ఆ పేరు పెట్టిన వాళ్లెవరో గానీ చేతులెత్తి మొక్కాలి, టైప్ వన్ పిల్లలకు ఇన్సులిన్‌తో పాటు ఇలాంటి పరికరాలు కూడా అందులో ఇస్తున్నారు. ఆస్ట్రేలియాలో 2022 జులై నుంచి టైప్ వన్ ఉన్న ప్రతి ఒక్కరికీ సీజీఎం మీద ప్రభుత్వ సబ్సిడీ ఉంది. ఆస్ట్రేలియా మనకు దూరం, కేరళ దూరం కాదు కదా, శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాటికి దిగుతాం.

రేపటి నుంచే అందరికీ సెన్సర్లు పంచమని అడగడం లేదు, బడ్జెట్ అంటే ఏంటో ఆడిటర్ ఆఫీసులో పనిచేసేదాన్ని నాకూ కాస్త తెలుసు. ముందు నిలోఫర్ పిల్లల ఆసుపత్రిలో ఒక గది, ఒక టేబులు ఇవ్వండి. అక్కడ ఏ కంపెనీ జీతం తీసుకోని, తెలుగు, ఉర్దూ మాట్లాడే డయాబెటిస్ ఎడ్యుకేటర్ ఒకరు కూర్చోవాలి. కొత్తగా టైప్ వన్ తేలిన ప్రతి పిల్లకూ 14 రోజులు ఒక సెన్సర్ ఉచితంగా పెట్టి, ఆ గీతను తల్లిదండ్రుల ముందు పెట్టి చదివి చెప్పాలి. మీ ఫోను చూపించండి, మీ పిల్లకు లోలు రాత్రి వస్తున్నాయా పగలా, ఇంట్లో ఎవరు లేస్తారు అని అడిగి, మీకు ఇది సరిపోతుంది, ఇది దండగ అని మొహం మీద చెప్పాలి. భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2022లో టైప్ వన్ కోసమే మార్గదర్శకాలు తెచ్చింది, మాలాంటి ఇళ్లకు పనికొచ్చే నాలుగు పేజీలు అందులోంచి తెలుగులో తీసి ఆ టేబులు మీద పెట్టండి. ఇది నడిస్తే తర్వాత గాంధీకీ, జిల్లా ఆసుపత్రులకూ పెంచొచ్చు. తెల్ల కార్డు ఉన్న ఇళ్లలో పిల్లలకు మొదటి ఏడాది సెన్సర్లు ఇవ్వడం గురించి ఆ తర్వాతైనా ఆలోచించండి, ఎందుకంటే ఆ మొదటి ఏడాదే అన్నీ తెలియక చేసే తప్పులు.

ధర సంగతి కేంద్రం చేతిలో ఉందని తెలుసు. 2021 జులైలో ఆక్సీమీటర్, గ్లూకోమీటర్, బీపీ మిషన్, నెబ్యులైజర్, థర్మామీటర్ ఈ ఐదిటి మీద వ్యాపారుల లాభానికి 70 శాతం అని హద్దు పెట్టారు. ఆ వరుసలో ఈ సెన్సర్‌ను కూడా చేర్చమని మీరు ఒక ఉత్తరం రాస్తే బాగుంటుంది, నేను రాస్తే ఎవరు చదువుతారు.

ఒక్కటి మాత్రం రూపాయి ఖర్చు లేని పని ఉంది. బడిలో ఫోను తేకూడదు. మా పాప సెన్సర్ మాట్లాడేది ఫోనుతోనే. నేను బతిమాలితే ఆఫీసు గదిలో పెట్టుకోనిచ్చారు, ఆ గదికీ ఆరో తరగతికీ మధ్య రెండంతస్తులు, బ్లూటూత్ అంత దూరం అందదు. అలారం అక్కడ అల్మారాలో మోగుతుంటే పిల్ల ఇక్కడ క్లాసులో చెమటలు పట్టి కూర్చున్న రోజు ఉంది. టీచర్లది తప్పనను, వాళ్ల దగ్గర కాగితం లేదు. సీబీఎస్ఈ 2017లోనే టైప్ వన్ పిల్లలు బోర్డు పరీక్ష హాల్లోకి గ్లూకోజ్ బిళ్లలు, పండ్లు, నీళ్లు తెచ్చుకోవచ్చని సర్క్యులర్ ఇచ్చింది. మన రాష్ట్ర బోర్డు బడులకు, ఇంటర్ కాలేజీలకు అలాంటి జీవో ఒకటి, అందులో సెన్సర్, దాని ఫోను లేదా రీడర్ టీచర్ టేబులు మీద ఉంచుకోవచ్చు అన్న ఒక్క వాక్యం, విద్యాశాఖ వాళ్లతో మీరు కూర్చుని మాట్లాడితే అయిపోయే పని.

మా పాప పదో తరగతి పరీక్షలకు ఇంకా నాలుగేళ్లుంది. ఒక జీవోకు ఆ టైము సరిపోతుందనే అనుకుంటున్నాను సార్.

ఇట్లు,
మల్కాజిగిరి నుంచి ఒక టైప్ వన్ బిడ్డ తల్లి