వార్షికోత్సవంలో గిటార్ మోగిన సంగతి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

వార్షికోత్సవం రాత్రి నుంచి వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల, "స్కూల్లో ఈ రాక్ ఏంటండీ?" అని. ఆ సంగతే రాద్దామని కూర్చున్నాను.

వాయించింది తొమ్మిదో తరగతి స్నేహితులు ఐదుగురు. రెండు వయొలిన్లు, చెల్లో (వయొలిన్ లాంటిదే, పెద్దది) భాగానికి కీబోర్డు, ఎలక్ట్రిక్ గిటార్, డ్రమ్స్. కొద్దిమందే కలిసి వాయించే పాశ్చాత్య చాంబర్ సంగీతం పద్ధతిలో నెమ్మదిగా ఎత్తుకుని, అదే ట్యూన్‌ను రాక్‌లోకి తీసుకెళ్లి, మళ్లీ వయొలిన్ల దగ్గరికే తెచ్చారు. చాంబర్ సంగీతంలో ఎదురుగా నిలబడి చేతులూపే కండక్టర్ ఉండడు. పక్కవాళ్ల కమాను చూసుకుంటూ, వింటూ వాయించాలి. వయొలిన్లు వినపడాలని మా డ్రమ్స్ అబ్బాయి తనంతట తనే కర్రలు పక్కనపెట్టి చప్పుడు తక్కువ చేసే బ్రష్‌లు తీశాడు. క్లాసులో ఎవరి మాటా పూర్తికానివ్వని పిల్లాడండీ వాడు! గిటార్ అమ్మాయి గురించి మొదలుపెడితే ఈ పేజీ చాలదు.

"మన సంప్రదాయం ఏమైపోవాలి?" అన్నారు కొందరు. వయొలిన్ మాత్రం ఇక్కడ పుట్టిందా? బాలుస్వామి దీక్షితులు నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. ఆయన అన్న ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు ట్యూన్లకు సంస్కృత సాహిత్యం కట్టారు, అవే నొట్టుస్వరాలు. ఆ వయొలిన్‌తోనే ద్వారం వెంకటస్వామి నాయుడు గారు మన విజయనగరం సంగీత కళాశాలకు పేరు తెచ్చారు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు త్యాగరాజ కృతులు వాయించింది ఎలక్ట్రిక్ మాండొలిన్ మీదే. అటు ఫిన్లాండ్‌లో, 1993లో, హెల్సింకిలోని సిబెలియస్ అకాడమీలో చదువుకునే నలుగురు కుర్రాళ్లు చెల్లోల మీద మెటాలికా అనే అమెరికన్ మెటల్ బ్యాండు పాటలు వాయించడం మొదలుపెట్టారు. అపోకలిప్టికా అనే ఆ బృందం 1996లో తెచ్చిన తొలి ఆల్బమ్ నిండా అవే పాటలు. శాస్త్రీయ సంగీతం నేర్చుకున్న చేతులు కాబట్టే అది సాధ్యమైంది. మా పిల్లలకూ ముందు సరళీ వరుసలే.

ఇక, మీరు ఏమీ అనుకోనంటే ఒక మాట. "పరీక్షలున్నాయి, సంగీత సాధనకు టైమెక్కడ?" అంటుంటారు. రాత్రి పన్నెండు దాకా రీల్స్ చూస్తుంటే అడ్డురాని పరీక్షలు అరగంట సాధనకే ఎందుకు అడ్డొస్తున్నాయి? పొద్దున అసెంబ్లీలో ఆవలింతలు చూసేది మేమే కదా. "ఆడపిల్లకి గిటార్ ఎందుకు?" అన్న పెద్దలు తీరిక చూసుకుని నా గదికి రండి, టీ తాగుతూ మాట్లాడుకుందాం.

శనివారం సాధన లైబ్రరీలో మామూలుగానే ఉంటుంది, అయిదింటికి వదులుతాం. తీసుకెళ్లడానికి వచ్చేవారు దయచేసి గేటు దగ్గర హారన్ కొట్టకండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు