హెల్త్ కమిషనర్ గారూ, మాత్రలతో పాటు ధ్యానం ట్రైనింగ్ కూడా ఇప్పించండి

సార్ నమస్తే, మా అమ్మకి షుగర్, పైగా ఏళ్ల నుంచి మోకాళ్ల నొప్పులు, మందులైతే బస్తీ దవాఖానాలో దొరుకుతున్నయి, దానికి థాంక్స్, కానీ అర్ధరాత్రి మంచం మీద లేచి కూర్చుని మోకాళ్లు పట్టుకుని "రేపెట్లుంటదో" అని భయపడుతుంటే దానికి మాత్ర లేదు కదా. అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో 1979లోనే జాన్ కబాట్-జిన్ అనే ఆయన ఇట్లాంటి పేషెంట్ల కోసం మైండ్‌ఫుల్‌నెస్ (అంటే ఈ క్షణం మీద ధ్యాస పెట్టే ధ్యానం) ట్రైనింగ్ మొదలుపెట్టిండు, ఇప్పుడది 8 వారాల కోర్సు. శ్వాస గమనించుడు, కాలివేళ్ల నుంచి తలదాకా ఒక్కో భాగం మీద ధ్యాస పెట్టుడు. నొప్పి మాయమవ్వదు, దాని చుట్టూ అల్లుకునే టెన్షన్ కొంచెం తగ్గొచ్చు. మందులు ఆపమని కాదు సార్, అది వాట్సాప్ బాబాలు చెప్పే మాట! బస్తీ దవాఖానాలో ఈ క్లాసు వారానికోసారి తెలుగులో, ఉర్దూలో పెట్టించండి, కుర్చీలు మాత్రం వేయించండి, కింద కూర్చోమంటే మా అమ్మ మళ్లీ లేవలేదు.