ఏసీ చల్లబడకపోతే గ్యాసేనా?

సంపాదకులకు,

లారీ క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి అన్న వార్త మీ పత్రికలో చదివాను. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే, మూడున్నర టన్నులు దాటిన సరుకు వాహనాలకు ఈ నిబంధన. సంతోషమే. మే నెల మధ్యాహ్నం సూర్యాపేట దగ్గర క్యాబిన్‌లో ఎలా ఉంటుందో స్టీరింగ్ పట్టినవాడికే తెలుసు. అయితే ఆ ఏసీ చల్లగాలి ఆపేసిన రోజు డ్రైవర్ సంగతేమిటో ఎవరూ మాట్లాడటం లేదు. ఆ బాధ మాకు ముందే తెలుసు కాబట్టి రాస్తున్నాను.

నేను కృష్ణానగర్‌లో ఉంటూ సినిమా షూటింగులకు కారవాన్ నడుపుతాను. వెనక గదుల్లో ఏసీలు జనరేటర్ మీద నడుస్తాయి. డ్రైవర్ ముందున్న డ్యాష్‌బోర్డు ఏసీ వేరే. దాని కంప్రెసర్ (గ్యాస్‌ని నొక్కి పైపుల్లో తిప్పే పంపు) ఇంజన్ బెల్టుతో తిరుగుతుంది. వెనక ఏసీ ఆగితే ప్రొడక్షన్ వాళ్లు పరుగున మెకానిక్‌ని తెస్తారు. నాది ఆగితే "అద్దం దించుకో అన్నా" అంటారు.

పోయిన వేసవిలో నాది వింతగా మొరాయించింది. ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగంగా వెళ్తుంటే చల్లగానే ఉండేది. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, వేడిగాలి. ఒక షాపులో చూపిస్తే బానెట్ ఎత్తి, పైపు ముట్టుకుని, "గ్యాస్ అయిపోయింది" అని నింపేశారు. గ్యాస్ ప్రెషర్ చూసే మీటర్ పెట్టలేదు. కొన్నాళ్లకు మళ్లీ అదే తంతు, ఇంకో షాపు, అదే మాట. ఈసారి గ్యాస్ నింపాక హైవే మీద కూడా కంప్రెసర్ ఆగిపోవడం మొదలైంది.

చివరికి ఆటోనగర్‌లో ఒక పెద్దాయన గేజ్ మీటర్లు బిగించి చూశాడు. హై సైడ్ ముల్లు, అంటే కంప్రెసర్ నొక్కి పంపే గ్యాస్ ప్రెషర్ చూపేది, 350 పీఎస్‌ఐ దాటి పోతోంది. ఆ వేడిలో 200, 250 మధ్య ఉండాల్సింది. అంత ప్రెషర్ వస్తే లోపల స్విచ్ కంప్రెసర్‌ని ఆపేస్తుందట. అసలు జబ్బు గ్యాస్ తక్కువవడం కాదు, గాలి తగలకపోవడం. గ్యాస్ వేడిని బయటికి వదిలే రేకుల జాలీని కండెన్సర్ అంటారు. దాని ముందు తిరగాల్సిన ఫ్యానుకు కరెంటు అందించే స్విచ్, అదే రిలే, పోయింది. బండి పరిగెడితే ఎదురుగాలి సరిపోయేది, నిలబడితే వేడి బయటికి పోయే దారి లేదు. దానికి తోడు వికారాబాద్ లొకేషన్ల ఎర్రదుమ్ము రేకుల సందుల్లో పేరుకుపోయింది. బాడీ బిల్డర్ అందం కోసం ఎదర బిగించిన ఫైబర్ గ్రిల్లు మిగిలిన గాలిని కూడా అడ్డుకుంది. రిలే మార్చి, రేకులు వంగకుండా నీళ్లతో కడిగి, అవసరానికి మించి నింపిన గ్యాసంతా సిలిండర్‌లోకి తీసి, సరిపోయేంతే తూకం వేసి ఎక్కించాడు. రిలే ఖర్చు ఒక్కపూట భోజనాల ఖర్చంత.

అందరికీ ఇదే కారణమని కాదు. గ్యాస్ తగ్గడం కూడా మామూలే. కానీ అది డీజిల్ లాగా ఖర్చయ్యేది కాదు, మూసిన పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారిన చోట సాధారణంగా నూనె మరక కనిపిస్తుంది. లీకు వెతకకుండా నింపితే ఆ డబ్బు గాలిలో కలిసినట్టే. ఐటీఐలో ఏసీ ట్రేడ్ చేస్తున్న మా మేనల్లుడు ఇంకోటి చెప్పాడు: మన బండ్లలో ఎక్కువగా వాడే ఆర్-134ఏ గ్యాస్ ఒక కిలో వదిలితే, 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడి భూమికి తగులుతుందట. షాపుల్లో దాన్ని సుయ్‌మని గాలిలోకే వదులుతుంటారు.

షాపుకు వెళ్లేముందు డ్రైవర్ చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. ఏసీ ఆన్ చేయగానే కంప్రెసర్ దగ్గర టక్‌మని శబ్దం రావాలి, పుల్లీ మధ్య ప్లేటు తిరగాలి. రాకపోతే ముందు ఫ్యూజు, రిలే చూడాలి. (చెయ్యి బెల్టు దగ్గరికి పోనివ్వకండి.) కంప్రెసర్ తిరుగుతుంటే, ఫ్యాను తిరుగుతోందా? మొదట చల్లగా వచ్చి, గంటకు గాలి సన్నబడిపోతే కూలింగ్ కాయిల్ మీద మంచు కట్టినట్టు. కాసేపు ఏసీ ఆపి బ్లోయర్ మాత్రం నడిపితే కరుగుతుంది. కారణం మాత్రం వెతకాల్సిందే, చాలాసార్లు దుమ్ముపట్టిన క్యాబిన్ గాలి ఫిల్టరే. పైపులు మాత్రం సొంతంగా విప్పకండి. ఆ గ్యాస్ మరిగేది మైనస్ 26 డిగ్రీల దగ్గర, కంట్లో పడితే చూపు పోవచ్చు.

రవాణా శాఖకు నా విన్నపం ఒక్కటే. ఏసీ షాపులు ఇచ్చే బిల్లులో గ్యాస్ రకం, ఎన్ని గ్రాములు ఎక్కించారో, పని ముందూ తర్వాతా మీటర్ రీడింగులు, లీకు దొరికిందా లేదా అన్నవి రాయడం తప్పనిసరి చేయాలి. బండి బానెట్ కింద స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములు పట్టాలో కంపెనీవాళ్లు రాసే ఉంచుతారు, పోల్చుకోవడం కష్టం కాదు. లక్షల లారీలకు ఏసీ వచ్చాక ఈ నిబంధన పెడితే, అప్పటికి ఎంతమంది జేబులు ఖాళీ అవుతాయో! ఇప్పుడే పెట్టండి.

ఇట్లు,
ఒక కారవాన్ డ్రైవర్,
కృష్ణానగర్, హైదరాబాద్